డైనమో వెనకాల పంపు

పాత సుమో, తొలినాళ్ల బొలెరో నడిపినవాళ్లకు ఈ భయం తెలుసు. కాలు ఆనించగానే దిగాల్సిన బ్రేకు పెడల్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. ఒళ్లంతా బరువు వేసి తొక్కితే గానీ బండి ఆగదు. ‘బూస్టర్ పోయింది, మార్చేద్దాం’ అంటారు చాలామంది. విజయవాడ ఆటోనగర్‌లో నేనెరిగిన పెద్ద మేస్త్రి ఒకాయన అలా అనగా వినలేదు. ఇంజను నడుస్తుండగానే డైనమో వెనక గొట్టం ఊడదీసి, వ్యాక్యూమ్ పంపు ముక్కు మీద బొటనవేలు పెడతాడు. పంపు వేలిని ఎంత గట్టిగా పీలుస్తుందో చూసి, లోపల బ్లేడ్లు ఏ మాత్రం అరిగాయో చెప్పేస్తాడు. తర్వాత గేజీ తగిలిస్తే ముల్లు ఆయన మాటకు దగ్గర్లోనే నిలుస్తుంది. అలాంటి వేలు నాకు మరోచోట కనపడలేదు.

బ్రేకు బూస్టర్ పనిచేసేది వ్యాక్యూమ్‌తోనే. పెట్రోలు బండికి థ్రాటిల్ ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లోనే వ్యాక్యూమ్ పుడుతుంది. పాతకాలపు డీజిలుకు ఆ వీల్లేదు, విడిగా పంపు పెట్టాలి. తిరిగే రోటరు గాడుల్లో బ్లేడ్లు జారడమన్న ఊహ 1588లో ఇటలీ ఇంజనీరు రామెల్లి పుస్తకంలోని నీటిపంపు బొమ్మలోనే ఉంది. చరిత్ర ఇంతటితో చాలు.

ఈ పంపుకు సొంత మనిషి లేడు. అది వేలాడేది డైనమోకు, తాగేది ఇంజను ఆయిలు. ఆయిలు కారితే ఎలక్ట్రీషియన్ ఇంజను మేస్త్రి మీదికి తోస్తాడు, ఆయన డైనమో మీదికి తోస్తాడు. అందుకే రెండు పనులూ తెలిసిన చెయ్యి దొరికితే కళ్లకద్దుకోవాలి.

విప్పే ముందు మంచి మేస్త్రి బ్యాటరీ నెగటివ్ తీస్తాడు, మూత ఏ వైపు కూర్చుందో గీత గీసుకుంటాడు. మూత తీశాక ఒక్కో బ్లేడును వరస తప్పకుండా, ఏ గాడిలోది ఆ గాడికే చెందేలా గుడ్డ మీద పరుస్తాడు. గుండ్రటి అంచు బయటి గోడకు తగలాలి. తిరగేసి పెడితే పదును అంచు కొన్నాళ్లలోనే గోడను గీకేస్తుంది. ఈ బ్లేడ్లను బయటికి నెట్టే స్ప్రింగులేవీ లేవు. తిరుగుడు వేగానికే అవి విసురుగా వచ్చి గోడకు ఆనుకుంటాయి. గాడిలో పాత ఆయిలు జిగురుకట్టిందంటే స్లో మీద ఉన్నప్పుడు బ్లేడు బయటికే రాదు, పెడల్ బిగుస్తుంది. కొన్ని పంపులకు కిరసనాయిలు స్నానమే వైద్యం!

గోడ మీద గోరు నడిపితే అలలు తగిలాయా, ఆ హౌసింగ్ పనికిరాదు. సన్నటి గీతలైతే ఫర్వాలేదు, ఆయిలు పొర వాటిని కప్పి గాలి జారకుండా ఆపుతుంది. అసలు పనితనమంతా మూత ముఖాన్ని సాపు చేయడంలో ఉంది. గాజు పలక మీద సన్నటి ఎమెరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో ముఖాన్ని తిప్పుతూ, మధ్యమధ్య నీలి రంగు పూసి ఎక్కడ అంటుతోందో చూసుకోవాలి. తక్కువ రుద్దితే గాలి జారుతుంది, ఎక్కువైతే రోటరు పట్టేస్తుంది. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క అది. మా మేస్త్రి దాన్ని చూపుతోనే తేల్చేవాడు.

షాఫ్టు మీద సీలు గాడి పడితే కొత్త సీలును ఒక మిల్లీమీటరు లోతుగా కూర్చోబెడతాడు, లిప్ అరగని చోట పడుతుంది. రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ మెత్తబరుస్తాడు. మూసే ముందు లోపల కాస్త ఆయిలు పోసి చేత్తో తిప్పుతాడు. ఇంత చేశాక విజయవాడలో గేజీ ముల్లు 650 మిల్లీమీటర్ల పాదరసం దాకా వెళ్తే పంపు బాగున్నట్టే. అదే పంపు హైదరాబాదులో ఓ 45 తక్కువ చూపిస్తుంది. ఊరు ఎత్తులో ఉంది, గాలి పలచన. అది తెలియక మంచి పంపులను పారేసినవాళ్లున్నారు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. అసలును పోలిన అట్టపెట్టెలో వచ్చే డూప్లికేట్ కిట్లు! మెత్తటి బ్లేడ్లు, వేడికి పెళుసెక్కే సీళ్లు. అలాంటి కిట్టు ఒకటి నా బండికే పడింది, పట్టుమని ఆర్నెల్లు కాలేదు. సీలు చీలి ఆయిలంతా డైనమోలోకి చేరింది, కార్బన్ బ్రష్‌లు తడిసిపోయాయి. ఘాట్ దిగుతుండగా చార్జింగ్ లైటు వెలిగింది, ఆ వెనకే పెడల్ బిగుసుకుంది. వెనక సీట్లో మా అమ్మ. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ వణుకు. కిట్టు అమ్మినవాడు మాత్రం ‘అందరూ అదే వేస్తున్నారండీ’ అన్నాడు. ముఖం సాపు చేయడం రాక సిలికాన్ పేస్టు మెత్తేవాళ్లదీ ఇదే పాపం. ఆ ముక్క ఊడి ఆయిలు దారిలో పడితే పంపు ఎండి చస్తుంది.

ఏ షోరూములోనైనా నేడు దొరికే జవాబు ఒకటే: ‘సెట్టంతా మార్చాలి సార్.’ గాజు పలక, నీలి రంగు పట్టుకున్న కుర్రాణ్ణి ఆటోనగర్‌లోనే ఈ మధ్య వెతుక్కోవాల్సి వచ్చింది. ఐటీఐల వాళ్లను బతిమాలుతున్నాను: ఆ ముసలి మేస్త్రులను వారానికొక్క పూట పిలవండి, పిల్లల చేత ఒక్క మూతైనా రుద్దించండి. బండి ఉన్నవాళ్లను అడిగేదీ ఒకటుంది. పంపు కట్టించినప్పుడు పాత బ్లేడ్లు తిరిగి ఇమ్మనండి. కొత్తదాని పక్కన పెట్టి పొడవు కొలిపించండి, గుండ్రటి అంచు ఎటుందో వేలితో తడిమి చూడండి. ఆ తర్వాతే మూత బిగించనివ్వండి.