బొమ్మ కింద మనిషి

పాత ఆల్బం ఏది తిరగేసినా ఇలాంటి ఫొటో ఒకటి తగులుతుంది. ఆకాశాన్నంటే విగ్రహం, దాని పాదాల దగ్గర ఎండకు కళ్లు చిట్లించుకుని నిలబడ్డ నాన్న. అది లేపాక్షి నంది కావచ్చు, శ్రావణబెళగొళ గోమటేశ్వరుడు కావచ్చు. శిల్పాన్ని చూడనివ్వకుండా మనిషి అడ్డం నిలబడ్డాడని ఇప్పటివాళ్లు నవ్వుతారు. కానీ ఆ ఫొటోకు విలువ ఆ మనిషి వల్లే వచ్చింది. దాదాపు 57 అడుగుల గోమటేశ్వరుణ్ణి ఒంటరిగా తీస్తే, అది కొండమీది విగ్రహమో బల్లమీది బొమ్మో ఫొటో చెప్పలేదు. పురావస్తు తవ్వకాల్లో ఫొటో తీసేటప్పుడు పక్కన గీతల కర్ర పెట్టేది ఇందుకే.

అంతకన్నా మంచి ఫొటో పోస్టుకార్డు మీద దొరుకుతుంది కదా అనొచ్చు. దొరుకుతుంది, కానీ పోస్టుకార్డు ఫొటోలను ఎక్కువగా బొమ్మ బాగా కనిపించే ఆ ఒకటి రెండు వైపుల నుంచే తీస్తారు. యాత్రికులు వీలు దొరికిన చోటల్లా నిలబడి తీస్తారు. అఫ్ఘానిస్థాన్‌లోని బామియాన్‌లో 55 మీటర్ల బుద్ధుణ్ణి 2001 మార్చిలో తాలిబన్లు పేల్చేశాక, జ్యూరిక్ పరిశోధకులు పాత ఫొటోల నుంచే ఆ విగ్రహానికి కంప్యూటర్ నమూనా కట్టారు. మామూలు యాత్రికుల ఫొటోలతోనూ ఆ ప్రయత్నం చేశారు. కచ్చితత్వంలో గెలిచింది మాత్రం 1970లో ఆస్ట్రియా ఆచార్యుడు కోస్ట్కా కొలతల కెమెరాతో తీసిన ఫొటోలే. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యమే, ఒప్పుకోవాలి. అయితే ప్రతి విగ్రహానికీ ఒక కోస్ట్కా దొరకడు. దొరకని చోట మిగిలేవి ఇంటి ఆల్బంలే.

కాలం సంగతి కూడా ఉంది. హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం 1990 మార్చిలో తరలిస్తుండగా నీళ్లలో మునిగింది, 1992 చివరలో గాని సరస్సు మధ్యనున్న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబడలేదు. కాబట్టి అమ్మ వెనక ఆ బుద్ధుడు నిలబడి ఉంటే ఫొటో అంతకు ముందుది కాదు. వెనకాల ఉత్త రాయే ఉంటే అదీ ఒక సాక్ష్యమే.

అందుకే ఆ ఫొటోలను స్కాన్ చేసేటప్పుడు అంచులు కత్తిరించకండి, వెనకవైపు రాతనూ వదలకండి. పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే ఊరూ సంవత్సరమూ అడిగి రాసుకోండి.