ప్రాణానికి ముడిసరుకు

మైన్‌క్రాఫ్ట్‌లో ఐరన్ గోలెం అనే ఇనుప మనిషిని లేపడం కరీంనగర్ పిల్లలకూ తెలిసిన విద్యే. నాలుగు ఇనుప దిమ్మెలను మొండెంగా, చేతులుగా పేర్చాలి. అన్నిటికన్నా చివర, పైన చెక్కిన గుమ్మడికాయ పెట్టాలి. ఆ క్షణమే అది లేచి నడుస్తుంది, ఊరికి కాపలా కాస్తుంది. ఒక్కో దిమ్మెకు తొమ్మిది ఇనుప కడ్డీలు కావాలి, అంటే మొత్తం 36. అందుకోసం గని తవ్వాలి, ముడి ఇనుము కరిగించాలి. దెబ్బలు తిని గోలెం ఒళ్లు పగిలితే బాగుచేయడానికీ ఇనుప కడ్డీయే కావాలి.

కాపలాకు మనిషిని తయారుచేసుకోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. పార్వతి తన ఒంటి నలుగుతో పిల్లవాణ్ణి చేసి, ప్రాణం పోసి, వాకిట్లో నిలబెట్టింది. యూదుల కథలో ప్రాగ్ నగరపు మతగురువు తన జనాన్ని కాపాడటానికి నది ఒడ్డు మట్టితో గోలెంను చేశాడు. వీడియో గేముల్లోని రాతి మనుషులు, ఇనుప మనుషులు చాలావరకు ఆ మట్టిమనిషి వారసులే.

ఈ కథల్లో మంచివి ఒక్క దగ్గర మెలిక పెడతాయి: ఆ ప్రాణం ఎక్కడి నుంచి తెచ్చారు?

2009లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో కారిడిన్ అనే మరుగుజ్జు కమ్మరి ఒక దాగలిని సృష్టిస్తాడు. దాని మీద గోలెంలను కొడతాడు. శత్రువుల మీద అవి గెలుస్తున్నాయని రాజ్యమంతా సంబరపడుతుంది. అయితే ఒక్కో గోలెంకు ఒక బతికున్న మనిషి ప్రాణం కావాలి. మొదట్లో కొందరు తామే ముందుకొస్తారు. వాళ్లు చాలక రాజు బలవంతంగా మనుషులను పంపడం మొదలుపెడతాడు. కాదన్న కారిడిన్‌నూ చివరికి అదే దాగలి మీద గోలెంగా మారుస్తారు. 2000లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 9’లోనూ అంతే. ఒక పల్లె నేల కింద పొగమంచుతో మంత్రగాళ్లను తయారుచేసి యుద్ధానికి పంపుతుంటారు. ఆ పొగమంచు ఆత్మల నుంచి పుట్టిందని తర్వాత బయటపడుతుంది. ఆ మంత్రగాళ్లలో చాలామందికి ఏడాదికి మించి ఆయుష్షు ఉండదు.

కారిడిన్ కథ దగ్గర ఈ కాలమ్ రాసే మనిషి గేమ్ ఆపేసి చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చినవి ఉత్తర తెలంగాణలో బొమ్మకు రూపమిచ్చే ఊళ్లు.

నిర్మల్‌లో బొమ్మలు చెక్కే నకాషీలకు పొనికి కర్రే ఆధారం. తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. ముక్కల్లోని తేమను ఆరబెట్టి చెక్కుతారు. చేతులు, కాళ్లు, తలలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుతారు. నునుపు చేసి రంగులు వేస్తారు. లేడి, చిలుక, సీతాఫలం అన్నీ ఆ కర్రలోంచే. ఇంకో కర్రతో ఆ పని అంత సులువుగా జరగదు. పొనికి పెరిగేది పాత ఆదిలాబాద్ అడవుల్లో, ఆ అడవి పలుచబడుతున్నకొద్దీ బొమ్మ కష్టమవుతోంది.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషెగాంలో ఓజ కళాకారులది ఇత్తడి పని. గోండుల పూజకు దేవతామూర్తులు, గంటలు, నెమళ్లు పోస్తారు. మట్టితో లోపలి రూపం చేస్తారు. దాని మీద సన్నటి మైనపు తీగలు చుట్టి నగలు, కళ్లు, వేళ్లు తీరుస్తారు. మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. పై మట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. ఆ మట్టి రూపుతో ఇంకో బొమ్మ రాదు, రెండోదానికి మళ్లీ మొదటి నుంచే మొదలు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

డ్రాగన్ ఏజ్ లాంటి గేములో ఈ శ్రమంతా ఒక్క నొక్కుతో అయిపోతుంది. అందుకే ముడిసరుకు ప్రశ్న అక్కడ ఆలస్యంగా వస్తుంది, గోలెం లేచి నడిచాక, యుద్ధం సగం అయ్యాక. నిర్మల్‌లో, ఉషెగాంలో అది పొద్దున్నే వస్తుంది. కర్ర ఉందా? మైనం ఉందా? ఇత్తడి ధర ఎంత? వీటికి జవాబు దొరికాకే ఉలి పట్టుకునేది, కొలిమి రాజేసేది.

డ్రాగన్ ఏజ్ కారిడిన్ ఘట్టంలో ఆటగాడికి రెండే దారులిస్తుంది. దాగలిని ఉంచుకుని ఇంకా గోలెంలను కొట్టించడం, లేదా దాన్ని ధ్వంసం చేయడం. నిర్మల్ వాళ్లకు కావలసింది ఆ రెండూ కాదు, పొనికి మొక్కలు నాటడం. ఆ మొక్క కర్రకు పనికొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు నకాషీ ఇంట్లో ఉలి పట్టడం నేర్చుకుంటున్న పిల్లవాడికి అది అందాలంటే ఈ వానాకాలమే నాటాలి.