భేతాళకథలు – భౌతికశాస్త్రము: కొడవటిగంటి కుటుంబరావుగారి సంపాదకత్వము

కైవారమే పూర్వమున ఏకచక్రపురమని స్థలపురాణము. భీముడు బకాసురుని చంపినది ఇచ్చటనేయని ఊరివారు నేటికిని కొండను చూపుదురు. తెలుగున కాలజ్ఞానము చెప్పిన నారాయణ యతీంద్రులు తిరిగిన నేలయు ఇదియే. ఇట్టి చోట అద్భుతకథకు శ్రోతలు కొఱవడరు. కాని అద్భుతమును చెప్పువాడు దానిని నమ్మితీరవలెనా? ఈ ప్రశ్నకు కొడవటిగంటి కుటుంబరావుగారి జీవితమున ఒక సమాధానము కలదు.

కుటుంబరావుగారు 1909 అక్టోబరు 28న తెనాలిలో జన్మించిరి. విజయనగరమున భౌతికశాస్త్రము చదివి, పై చదువునకై కాశీ విశ్వవిద్యాలయమున చేరిరి గాని, ఆర్థికమాంద్యము ఆ చదువును ముగియనీయలేదు. కథకుడుగ, నవలాకారుడుగ మధ్యతరగతి కుటుంబముల గుట్టును విప్పిన ఆయన ఖ్యాతి అందఱెఱిగినదే. దానినిచట విస్తరింప బనిలేదు. 1952 మొదలు 1980 ఆగస్టు 17న కన్నుమూయువఱకు 'చందమామ'ను తీర్చిదిద్దిన చేయి ఆయనదే. దేవునియందు గాని దయ్యమునందు గాని నమ్మకము లేని హేతువాది. సామాన్యులకై విజ్ఞానశాస్త్ర వ్యాసములు వ్రాసినవాడు. అట్టివాడు ఇరువదియెనిమిదేండ్లు పిల్లలకు రాక్షసుల కథలను, మాంత్రికుల కథలను అందించెను. ఇది వైరుధ్యము కాదా యని అడిగినవారు కలరు.

దీనికి జవాబు వెదకుటకు సముద్రము దాటి ఒకమారు చూడవలెను. అమెరికాలో జాన్ కాంబెల్ అను సంపాదకుడుండెను. కుటుంబరావుగారికంటె ఒక్క యేడు చిన్న; ఆయనయు భౌతికశాస్త్ర విద్యార్థియే. 1938లో డాన్ స్టూవర్టు అను మాఱుపేరుతో 'హూ గోస్ దేర్' అను కథ వ్రాసి పేరొందెను. 1937 చివర 'అస్టౌండింగ్' పత్రికను చేపట్టిన కొలదికాలమునకే కథలు వ్రాయుట దాదాపు మానివేసి, తన ఊహలను ఇతరులకు పంచిపెట్టెను. అనేక సూర్యులుగల లోకమునకు వేల యేండ్లకొకసారి మాత్రమే చీకటి వచ్చినచో జనులేమగుదురు? ఈ ప్రశ్న కాంబెల్‌ది. దానిని 1941లో కథగా మలచినది ఐజాక్ అసిమోవ్. విజ్ఞానకల్పనకు శాస్త్రనిష్ఠ నేర్పినవాడని కాంబెల్‌ను పొగడుదురు. అది నిజమే. కాని 1950లో హబ్బర్డు 'డయానెటిక్స్'ను తన పత్రికలో అచ్చువేసి తలకెత్తుకొన్నవాడును ఆయనయే. పిమ్మట అతీంద్రియశక్తులను గూర్చి సంపాదకీయములు వ్రాయుచు, 1971లో మరణించువఱకు ఆ మోజును వీడలేదు.

ఇచటనే భేదము తెలియుచున్నది. ఒకడు రాకెట్ల కథలు ప్రకటించుచు నిజజీవితమున మంత్రమువంటిదానిని నమ్మెను. మఱియొకరు మంత్రముల కథలు ప్రకటించుచు నిజజీవితమున దేనిని ఊరక నమ్మలేదు. కథలో యంత్రమున్నంత మాత్రమున వ్రాసినవానికి శాస్త్రదృష్టి యున్నదనరాదు.

భేతాళకథలను పరిశీలింపుడు. కథాసరిత్సాగరమున ఉన్నవి ఇరువదియైదే. అవి తఱిగిపోయిన పిమ్మటను 'చందమామ' ఆ చట్రమును విడువక వందలకొలది క్రొత్తకథలను కూర్చెను. చెట్టు, శవము, రాజు, మౌనము ఎన్నడును మాఱలేదు. అసంభవమైన ఈ ఏర్పాటును పాఠకుడొక్కసారి ఒప్పుకొన్న పిదప, అంతయు తర్కమే. 'తప్పు ఎవరిది? అతడట్లేల చేసెను?' అని భేతాళుడు అడుగును. రాజు శకునము చూడడు, దేవుని తలపడు. కథలోని సంగతులనుండియే కారణమును తీసి చెప్పును. అసిమోవ్‌నకు కాంబెల్ ఇచ్చిన ప్రశ్నకును దీనికిని పద్ధతిలో తేడా ఏమి? ఒక అద్భుతమును ముందు ఒప్పుకొనుడు, పిమ్మట దాని ఫలితములను తప్పు లేకుండ లెక్కకట్టుడు. మంచి విజ్ఞానకల్పన చేయునదియు ఇంతే. పదేండ్ల పిల్లవానికి ఈ అలవాటు పట్టుబడినచో, దయ్యమున్నదని చెప్పినవానిని సయితము 'ఎట్లు?' అని అడుగగలడు.

అయినను లోపము లోపమే. దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలకు పిల్లలు నెలనెలా ఎదురుచూచిరి. వానిలో మొదటిదాని పేరు 'తోకచుక్క'యే. కాని ఖగోళశాస్త్రమునకు అందు చోటు లేదు. 1957లో స్పుత్నిక్ ఎగిరినది, 1969లో మనుష్యుడు చంద్రునిపై కాలిడినాడు. చంద్రుని పేరే పెట్టుకొన్న పత్రికలో విజ్ఞానకల్పనకు ప్రధానస్థానము దొరకలేదు. భౌతికశాస్త్రమెఱిగిన సంపాదకుడుండి, తర్కమున ఆఱితేరిన బాలపాఠకులుండి, ఈ రెంటిని కలిపిన సంప్రదాయము తెలుగున పుట్టకపోవుట చిన్న నష్టము కాదు. దీనిని సంస్థ విధానముపై నెట్టివేయుట సులభమే గాని, అంతకాలము సంపాదకత్వము నెఱపినవానికి కొంత బాధ్యత ఉండక తప్పదు.

సరిహద్దుప్రాంత పాఠకులకు మఱియొక సంగతి పనికివచ్చును. 'చందమామ' కథలు మొదట తెలుగున సిద్ధమై, పిదప ఇతర భాషలకు పోవుచుండెడివి. కన్నడ 'చందమామ' 1949లో మొదలైనది. కుటుంబరావుగారు అందు వ్రాసినవానిలో పెక్కు పేరులేకయే వెలువడినవి. నేడు ఆ పత్రిక లేదు. కాని చింతామణి, బాగేపల్లి ప్రాంతములలో ఇంట తెలుగు మాటాడుచు బడిలో కన్నడమే చదివిన ఒక తరము, తెలుగు చదువరాదని చిన్నబుచ్చుకొనుచు, కన్నడ లిపిలో నెలనెలా చదివినది తెనాలివాని ఊహలనే.