రోలరు పట్టిన మౌని

వాసుదేవ్ గాయ్‌తోండే బొమ్మ ముందు నిలబడి ‘ఇందులో ఏముంది?’ అని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. రెండు నిమిషాలైనా నిలబడకుండా అడిగేవాళ్లతోనే నా గొడవంతా. మన దేశంలో నైరూప్య చిత్రకళకు పెద్దదిక్కు ఎవరంటే చాలామంది రజా పేరు చెబుతారు. చెప్పుకోనివ్వండి. నా ఓటు మాత్రం గాయ్‌తోండేకే.

1924లో నాగపూర్‌లో పుట్టారు. గోవా కుటుంబం, బొంబాయి గిర్గావ్‌లో చాల్ బతుకు, జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1948లో డిప్లొమా. తర్వాత ప్రోగ్రెసివ్ ఆర్టిస్టుల బృందం పిలిస్తే వెళ్లారు గానీ, గుంపులో ఇమిడే మనిషి కాదు. మొదట్లో చిత్రకారుడు పాల్ క్లే ప్రభావం బాగా కనిపిస్తుంది: సన్నటి గీతలు, చిన్నచిన్న ఆకారాలు. ఆ ఆకారాలు కూడా ఒక్కొక్కటే కరిగిపోయి చివరికి రంగూ వెలుగూ మిగిలాయి.

ఆ కరగడమంతా భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. బొంబాయిలో సముద్రం పక్కనున్న ఆ భవనంలో ఒక గదిలో రవిశంకర్ సితార్ పాఠాలు, డాబా మీద అల్కాజీ నాటకాలు, మరో గదిలో చిత్రకారుడు హుస్సేన్. ఇంత సందడి మధ్య ఈయన మాత్రం తన మానాన తాను. చిత్రకారిణి నస్రీన్ మొహమెది అక్కడే ఈయన పని చూసి నేర్చుకుంది. ఆ ఒక్క శిష్యరికం చాలు, ఆ గదికి దండం పెట్టడానికి.

ఇక పనితనం. కుంచెను దాదాపు పక్కన పెట్టేశారు. చేతిలో రోలరు, పాలెట్ నైఫ్. పల్చటి నూనెరంగు ఒక పొర వేసి, రోలరుతో నడిపించి, కత్తితో గీకి, మళ్లీ ఇంకో పొర. పాత పత్రికల కాగితాలు చింపి, రంగు పట్టించి, కాన్వాసు మీద పరిచి రోలరుతో ఒత్తేవారు. తర్వాత కాగితం లేపేస్తే అచ్చు మాత్రం మిగిలేది. దగ్గరికెళ్లి చూడండి: ఆ అచ్చుల అంచులు ఎక్కడా తెగినట్టుండవు. నాచు పక్కకు జరిగినచోట చెరువు లోతు కనబడ్డట్టు, పై రంగు పల్చబడిన చోట కింది రంగు వెలుగుతుంది. చూడ్డానికి అప్పటికప్పుడు జరిగిపోయినట్టుంటుంది గానీ, ఏడాదికి ఐదారు బొమ్మలు పూర్తయితే ఎక్కువ. మిగతా కాలమంతా ఊరికే కూర్చుని ఆలోచించడమే. నన్నడిగితే అదీ పనే.

1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లి అమెరికన్ నైరూప్య చిత్రకారుడు రోత్కోను కలిశారు. అది పట్టుకుని కొందరు ‘ఇండియా రోత్కో’ అంటుంటారు. నాకు ఒళ్లు మండుతుంది! అప్పటికే ఆకారాలను వదిలేసిన మనిషికి ఆ బిరుదు దేనికి? ఆయన్ను నడిపించింది జెన్, నిసర్గదత్త మహరాజ్, రమణ మహర్షి, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1972 నుంచి ఢిల్లీ నిజాముద్దీన్ ఈస్ట్‌లో మేడమీది బర్సాతీలో ఒంటరి కాపురం. 1984లో ప్రమాదం జరిగాక పెద్ద కాన్వాసులు కొన్నేళ్లు సాగలేదు. కాగితం మీద సిరాగీతలు గీశారు. 2001లో పోయారు.

పోయాక గదా మనవాళ్లకు మెలకువ! 2013లో ముంబయి క్రిస్టీస్ వేలంలో ఒక బొమ్మ రూ. 23.7 కోట్లు, 2021లో మరొకటి దాదాపు 40 కోట్లు పలికాయి. అంతే, రోలరు దొరికిన ప్రతివాడూ గాయ్‌తోండే అయిపోయాడు. హోటల్ లాబీల్లో, అపార్ట్‌మెంట్ హాళ్లలో సోఫా రంగుకు సరిపోయేలా పులిమిన పసుపు కాన్వాసులు చూడండి: ఒకే పొర, దాని మీద నాలుగు మరకలు, కింద వంకర సంతకం. పొర ఆరేదాకా ఆగే ఓపిక లేనివాడికి ఈ దారి ఎందుకు?

మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల మాస్టార్లకు ఒక విన్నపం. ఫోన్‌లో చూపించి పాఠం అయిపోయిందనకండి. ఆ తెరమీద పొరలు కనబడవు. పిల్లల్ని తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి ఢిల్లీ జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్లండి. ఆయన బొమ్మలు ఎప్పుడూ గోడమీదే ఉంటాయన్న నమ్మకం లేదు గనక ముందే కనుక్కోండి. లేకపోతే బయట పెట్టమని గట్టిగా అడగండి.