రూమీ సింహం ఎందుకు వాదిస్తుంది?

చిన్నయ సూరి నీతిచంద్రిక చదవనివాళ్ళకి కూడా ఈ కథ తెలుసు. రోజుకో జంతువు వంతుగా వచ్చేలా సింహంతో ఒప్పందం. కుందేలు వంతొచ్చిన రోజు ఆలస్యంగా వెళ్ళి, దారిలో ఇంకో సింహం అడ్డుపడిందని చెప్పి, బావిలో నీడ చూపిస్తుంది. సింహం దూకేస్తుంది. బలం కన్నా బుద్ధి గొప్పదని మాస్టారు చెప్తారు, మనం పేజీ తిప్పేస్తాం.

ఈ కథే జలాలుద్దీన్ రూమీ 'మస్నవీ' మొదటి సంపుటంలో ఉంది. పంచతంత్రం 6వ శతాబ్దంలో పహ్లవీలోకి, 8వ శతాబ్దంలో 'కలీలా వ దిమ్నా' పేరుతో అరబ్బీలోకి, తర్వాత ఫార్సీలోకి వెళ్ళింది. కథ కలీలాలోదేనని రూమీయే చెప్తాడు. మనకి నాలుగు వాక్యాల్లో అయిపోయే ఈ కథ ఆయన దగ్గర, పిట్టకథలతో కలిపి, దాదాపు 500 ద్విపదలు. ఎందుకంత?

ఎందుకంటే ఒప్పందం మాట ఎత్తగానే వాదన మొదలవుతుంది. వేట మానేసి దేవుడి మీద భారం వెయ్యి, తిండి అదే వస్తుంది అంటాయి జంతువులు. ఈ భారం వెయ్యడాన్నే 'తవక్కుల్' అంటారు. సింహం ఒప్పుకోదు. దేవుణ్ణి నమ్ము, కానీ ముందు ఒంటె కాలు కట్టెయ్యి అన్న హదీసు గుర్తు చేస్తుంది. యజమాని చేతికి పార ఇచ్చాడంటే ఏం చెయ్యమంటున్నాడో మళ్ళీ నోటితో చెప్పాలా అంటుంది. జంతువులు ఇంకో కథ తీస్తాయి. మృత్యుదూత తనవైపు అదోలా చూశాడని భయపడి ఒకడు సులైమాన్‌ని బతిమాలి గాలి మీద హిందుస్తాన్‌కి పారిపోతాడు. అతని ప్రాణం ఆ రోజు తీయాల్సింది హిందుస్తాన్‌లోనే. ఇతనిక్కడున్నాడేంటని దూత ఆశ్చర్యంగా చూశాడంతే.

పైకి ఇది మన దైవం–పురుషకారం చర్చలాగే ఉంటుంది. కానీ దీని వెనక ఇస్లామీ దైవశాస్త్రంలో, అంటే 'కలామ్'లో, శతాబ్దాల గొడవ ఉంది. అన్నీ దేవుడే సృష్టిస్తే నేను చేసిన పని నాదెలా అవుతుంది? నాది కాకపోతే తీర్పు రోజున నన్నడగడం న్యాయమేనా? మనిషి పనులకి మనిషే కర్త, లేకపోతే దేవుడు అన్యాయస్థుడవుతాడు అన్నారు ముతజిలీలు. మనిషికి ఎంపికే లేదన్నది 'జబ్ర్' వాదం. పనిని దేవుడు సృష్టిస్తాడు, మనిషి దాన్ని తనదిగా చేసుకుంటాడు అని ఇంకో దారి పట్టింది అల్ అష్అరీ సంప్రదాయం. ఆ తనదిగా చేసుకోవడానికి వాళ్ళ మాట 'కస్బ్'. మామూలు వాడుకలో కస్బ్ అంటే సంపాదన. రూమీ జంతువులు దెబ్బలాడుకునేది ఈ రెండో కస్బ్ మీద, పొట్టకూటి మీద. పండితుల ప్రశ్న అలా ఆకలి దగ్గరికి దిగింది.

రూమీ కోన్యాలో మదరసా పంతులు. తండ్రి మతబోధకుడు. 1244లో షమ్స్ ఎదురయ్యేనాటికే ఈ చదువంతా ఆయన ఒంటికి పట్టేసింది. మస్నవీ అరబ్బీ ముందుమాటలో ఆ పుస్తకాన్ని ఆయన ధర్మానికి మూలంగానే పరిచయం చేశాడు.

ఇక కథలో జరిగేది చూడండి. వాదనలో గెలిచేది సింహం. గెలిచి కూడా ఒప్పందానికి సరే అంటుంది. ప్రయత్నమే ముఖ్యమన్నది ఇంట్లో కూచుని తింటుంది. దేవుడి మీద భారం వెయ్యమన్న జంతువుల్లోంచి పథకం వేసే కుందేలు వస్తుంది. ఎవరి సిద్ధాంతాన్ని వాళ్ళే తప్పారు. పని అయ్యాక కుందేలేమో ఇది దేవుడి సాయమంటుంది. బావి దగ్గర సింహం చూసింది తన ముఖాన్నే. విశ్వాసికి విశ్వాసి అద్దమన్న హదీసుని రూమీ అక్కడ పెడతాడు. ఆ తర్వాత బయటి శత్రువుని వదిలి, లోపలి శత్రువుతో చేసే పెద్ద యుద్ధానికి వస్తాడు. ఏ కలామ్ గ్రంథమైనా చివరికి ఒక పక్షం తీసుకోవాలి. కవితకి ఆ అవసరం లేదు. రెండు పక్షాల చేతా గట్టిగా మాట్లాడించి, వాళ్ళనే కథలో నడిపించి చూస్తుంది.

మన ఫోన్లలో తిరిగే రూమీలో ఈ వాదన ఉండదు. కోల్మన్ బార్క్స్ 1995లో వేసిన 'ది ఎసెన్షియల్ రూమీ' చాలామందిలాగే నాకూ మొదటి తలుపు. ఆ రుణం కాదనను. బార్క్స్‌కి ఫార్సీ రాదు, పాత ఇంగ్లిష్ అనువాదాల మీద పని చేశాడు. ఆ తరహా రూమీలో ఖురాన్, హదీసు పల్చబడ్డాయన్న విమర్శ పాతదే. మతం పోయిందన్న బాధ విశ్వాసులది. పాఠకుడిగా నా బాధ వేరు. దైవశాస్త్రం తీసేస్తే ఎదురు మాట్లాడేవాడు పోతాడు. ప్రతి వాక్యమూ గురువుగారి సూక్తి అయిపోతుంది. సింహం అహంకారానికి ఒక బొమ్మగా మిగులుతుంది. మస్నవీలో అది బాగా చదువుకున్న సింహం, అందుకే దాని చావు మనకి గుచ్చుకుంటుంది.

పూర్తి పాఠం చదవడం తేలికని చెప్పను. ఒక పిట్టకథలోంచి ఇంకోదాంట్లోకి వెళ్తూ దారి తప్పుతాం, కొన్నిచోట్ల విసుగొస్తుంది. అయినా నికల్సన్ అనువాదంలోనో, జావిద్ మొజద్దెదీ అనువాదంలోనో ఈ ఒక్క కథ మొత్తం చదవండి. కుందేలు సింహాన్ని బావి దాకా తీసుకెళ్తుండగా రూమీ కథ ఆపేసి, విధి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుపోవడం గురించి మాట్లాడతాడు. మళ్ళీ కథలోకొచ్చి, సింహం చేత దాని కోపంతోనే దూకిస్తాడు. అది రాసిపెట్టి ఉండి దూకిందా, తనంతట తానే దూకిందా? నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నా జవాబు మారింది.