పలక చేసినోళ్ల పిల్లలకు లెక్కలు

మార్కాపురం పలకల మీద ఎన్ని తరాల పిల్లలు ఎక్కాలు దిద్దుకున్నారో చెప్పలేం. ఆ పలకల పనిలో పిల్లలే కూలీలుగా ఉన్న సంగతి మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తొలుత ఎంచుకున్న చోట్లలో ఈ పలకల పరిశ్రమ ఒకటి. పెద్దారవీడు నుంచి గిద్దలూరు దాకా ఈ పడమటి మండలాల్లో చదువు గురించి మాట్లాడాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. పలక ఒకరు చెయ్యాలి, లెక్క ఇంకొకరు నేర్వాలి అనే పంపకం గనుల్లోనే ఆగలేదు, బడిని నడిపే తీరులోకీ వచ్చింది.

ప్రాథమిక బడిలో లెక్కలకు వేరే టీచరుండరు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ ఎస్‌జీటీయే చెప్పాలి. ఇద్దరు టీచర్లకు ఐదు తరగతులైతే, ఒక తరగతికి భాగహారం చెబుతున్నంతసేపూ పక్క తరగతి కాపీ రాసుకుంటూ కూర్చోవాలి. తెలుగులో ఒక పాఠం పోయినా తర్వాతిది అందుకోవచ్చు. లెక్కల్లో అట్లా కుదరదు. తీసివేత రాకుంటే భాగహారం రాదు, అది రాకుంటే భిన్నాలు రావు. అమ్మానాన్నా చదివిన ఇంట్లో సాయంత్రం ఆ గండి పూడుతుంది. కూలికి పోయొచ్చిన ఇంట్లో ఎవరు పూడుస్తారు? హైస్కూలుకొచ్చాక గణితానికొకరు, భౌతిక శాస్త్రానికొకరు, జీవశాస్త్రానికొకరు ఉంటారు. అప్పటికి ఆ పిల్లకు 'మొద్దు' అని పేరు పడి ఉంటుంది. ఆ పేరును కులానికి అంటగట్టడం ఎంతసేపు!

1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు రెండు గదులు, ఇద్దరు టీచర్లు, సైన్సు పెట్టె, లెక్కల పెట్టె ఇస్తామంది. పెట్టె పంపడం తేలిక. దాన్ని విప్పి చూపించే తీరిక టీచరుకివ్వడం కష్టం.

2022లో 117 జీవో వచ్చింది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు చెప్పాలన్నారు. ఆ మాటను మేం కొట్టిపారెయ్యం, మా పిల్లలకు కావలసిందే. కానీ టీచరును పల్లెకు పంపలేదు, పిల్లల్నే హైస్కూలుకు నడిపించారు. అట్లా కలిపేసినచోట పల్లె బడికి మిగిలింది ఒకటి, రెండు తరగతులే. 2025లో ఆ జీవో రద్దయింది. ఇప్పుడు మోడల్ ప్రైమరీ బడిలో తరగతికో టీచరు. పిల్లలు తక్కువున్న బేసిక్ ప్రైమరీకి ఒకరో ఇద్దరో. డబ్బున్నోళ్లు కాన్వెంటుకు పోయాక మాలపల్లె, మాదిగపల్లె బడుల్లో మిగిలేదెవరు? తలలు లెక్కబెట్టి టీచర్లనిచ్చే సూత్రం చూడ్డానికి కులం లేనట్టే ఉంటుంది.

బాంబేలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేడ్కర్‌ను రేఖాగణితం లెక్క చెయ్యడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే, తోటి పిల్లలు బోర్డు వెనకున్న తమ అన్నం క్యారియర్లు తీసుకోవడానికి పరిగెత్తారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఇప్పుడు క్యారియర్లు ఎవరూ తీయనక్కర్లేదు. బోర్డు దాకా రానివ్వకుండా టైంటేబులే చూసుకుంటుంది.

పుస్తకంలోకి ఏది సైన్సుగా ఎక్కిందో కూడా చూడాలి. సున్నంతో తోలు మీది వెంట్రుకలు ఊడదీయడం, తంగేడు చెక్కతో తోలు కుళ్లకుండా చెయ్యడం రసాయన శాస్త్రం కాకుంటే మరేమిటి? ఇట్లా అంటే, 1937 వార్ధా పథకం మాదిరి చేతిపనితో చదువు చెప్పమంటున్నామని కొందరు మురిసిపోవచ్చు. కాదు. మాదిగ పిల్లగాణ్ణి మళ్లీ లంద దగ్గర కూర్చోబెట్టమని మేం అడగడం లేదు. ఆ పని వెనకున్న రసాయనం అన్ని కులాల పిల్లలూ చదవాలి, పరీక్షలో రాయాలి అంటున్నాం.

ఈ పడమటి మండలాల్లో పళ్లు గారపట్టించే ఫ్లోరైడు నీళ్లు తెలియనివాళ్లు లేరు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. ఐదో తరగతి దశాంశాలకు ఇంతకన్నా మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది? మట్టిపని లెక్క కూడా అంతే. ఉపాధి హామీలో తవ్విన గుంటకు పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి కట్టారు. టేపు మేటు చేతిలో, పుస్తకం ఫీల్డ్ అసిస్టెంటు చేతిలో. గుంట తవ్విన తల్లికి ఘనపు మీటరంటే ఏమిటో చెప్పగల పిల్ల ఆ ఇంట్లో ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఆ వారం కూలి సరిగా పడిందో లేదో తేలుతుంది.