కార్మిక నిర్వహణ సంస్థల్లో మూలధనం: ఆస్తి హక్కుల వాదంపై విమర్శ

ఉపోద్ఘాతం:
సంస్థను కార్మికులే నిర్వహిస్తే మూలధనం పెరగదన్నది ఆస్తి హక్కుల సిద్ధాంతకారుల ప్రధాన ఆక్షేపణ. 1950లో యుగోస్లావియా చేసిన చట్టం కర్మాగారాల నిర్వహణను కార్మిక మండళ్లకు అప్పగించింది. ఆస్తి మాత్రం యావత్ సమాజానిదిగా పరిగణించబడింది. ఈ ఏర్పాటును ఆధారం చేసుకొని 1970లో ఫురుబోట్న్, పెజోవిచ్ తమ వాదాన్ని ప్రతిపాదించారు. అది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వాద స్వరూపం:
ఒక కార్మికుడు మరో ఐదేళ్లలో పదవీ విరమణ చేస్తాడనుకోవచ్చు. మిగులులో తన వాటా 100 దినార్లను 5 శాతం వడ్డీకి బ్యాంకులో దాచుకుంటే అసలు అతనిదే. అదే సొమ్ము యంత్రంగా మారితే, సంస్థను వీడేనాడు అసలు చేతికి రాదు. కనుక ఆ యంత్రం ఐదేళ్లపాటు ఏటా సుమారు 23 దినార్లు తెచ్చిపెడితేనే అతనికి గిట్టుబాటు. యంత్రం ఇరవై ఏళ్లు పనిచేసినా అతని లెక్క ఐదేళ్ల దగ్గరే ఆగిపోతుంది.

విమర్శ:
ఈ లెక్కలో దోషం లేదు. దాని నుంచి తీసిన నిర్ణయంలో ఉంది. అసలు దక్కకపోవడానికి కారణం అది ఎవరి పేరనా లేకపోవడం. కార్మికుల ఓటుకు దానితో సంబంధం లేదు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1956లో మొదలైన మోండ్రాగాన్ సహకార సంస్థలు ఈ రెంటినీ విడదీశాయి. ఓటు పనిని బట్టి వస్తుంది, సభ్యునికి ఒకటే. మిగులులో కొంత ఉమ్మడి నిధికి పోగా, మరికొంత సభ్యుని పేర ఉన్న మూలధన ఖాతాలో జమవుతుంది. సభ్యుడు వైదొలగినప్పుడు ఖాతాలోని సొమ్ము అతనికి చెల్లిస్తారు. సభ్యత్వం వ్యక్తిగత హక్కు, ఖాతాలోని విలువ ఆస్తి హక్కు అన్నదే డేవిడ్ ఎల్లర్‌మన్ విశ్లేషణ సారాంశం. ఉమ్మడి నిధి మేరకు పాత ఆక్షేపణ వర్తిస్తూనే ఉంటుంది.

అయితే ఖాతా పద్ధతికీ పరిమితి ఉంది. 2013లో మోండ్రాగాన్‌కు చెందిన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ దివాలా తీసినప్పుడు, ఉపాధినీ పొదుపునూ ఒకే చోట ఉంచడంలోని ప్రమాదం బయటపడింది. చాలామంది సభ్యులకు ఇతర సహకార సంస్థల్లో పని దొరికింది. వారి మూలధనానికి అటువంటి ఆశ్రయం లేకపోయింది.

ముగింపు:
ఫురుబోట్న్, పెజోవిచ్‌ల వాదం యుగోస్లావియా ఆస్తి రూపానికి వర్తించే విమర్శ. దానిని కార్మిక నిర్వహణ మొత్తంపై తీర్పుగా స్వీకరించడం అతివ్యాప్తి. మూలధనం ఎవరి పేర ఉండాలన్న ప్రశ్నకు మోండ్రాగాన్ సమాధానం చూపింది. జీతం మీదనే బతికేవారు మూలధన నష్టాన్ని ఎంతవరకు మోయగలరన్న ప్రశ్నకు ఇంకా సమాధానం దొరకవలసి ఉంది.